దొర భయం తెర బయటే ఆగింది

రావి నారాయణరెడ్డి గారు 1908లో భువనగిరి దగ్గర బొల్లేపల్లిలో భూస్వామి ఇంట పుట్టారు. అయినా ఆంధ్రమహాసభలో వెట్టికి ఎదురు నిలిచారు, సొంత భూమి పేదలకు పంచారు, నిజాంపై సాయుధ పోరాటం నడిపారు.

హైదరాబాదు రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉండగా, 1952లో పి.డి.ఎఫ్. తరఫున నల్గొండలో పార్లమెంటుకు నిలబడ్డారు. దొర ముందు తలెత్తని కూలోళ్లు తెరచాటున పెట్టెలో ఓటేసేటప్పుడు మాత్రం జంకలేదు. మూడు లక్షల పైచిలుకు ఓట్లు పడ్డాయి, నెహ్రూకు వచ్చినవాటికంటే ఎక్కువ!

ఆయన 1991లో కన్నుమూశారు గానీ ఆ ఎన్నిక పాఠం బతికే ఉంది. భయం ఓటరును వంచుతుంది. నోటు తీసుకున్నాక మాట తప్పితే పాపమనే మన మంచితనాన్ని నాయకులు వాడుకుంటారు. ఈ రెండింటినీ గెలిచేది ఏళ్ల తరబడి వెంట నిలిచిన మనిషిమీది నమ్మకమే. కూలన్నలారా, పోలింగు ముందు గుమ్మంలోకొచ్చినోణ్ణి కాదు, కూలి పోరాటంలో పక్కన నిలిచినోణ్ణి చూసి ఓటెయ్యాలె.