డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున పేదకుటుంబములో జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవమారు మదరాసు హిందూ హైస్కూలు నుండి ఉత్తీర్ణులైరి. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందున శస్త్రచికిత్సాచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తిపడవలసివచ్చెను. ఆ యౌవనకాలముననే సోదరులిద్దరు కొలది దినముల వ్యవధిలో స్ప్రూ అను గ్రహణివ్యాధికి బలియైరి. ఆనాడు దానికి సరియగు మందు లేదు.

తరువాత ఆయన అమెరికా చేరిరి. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని కండరములనుండి వెలికిదీసిరి. అదే యేడు జర్మనీలో లోమన్ కూడ ఏ.టి.పి.ని కనుగొనెను. జీవకణము చేయు పనులకు శక్తి నిచ్చునది ఈ పదార్థమే.

1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరి, పిమ్మట పరిశోధనాధ్యక్షులైరి. 1945లో ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి అది మందయ్యెను.

ఫోలిక్ ఆమ్లము ఎట్లు పనిచేయును? జీవకణములలో రసాయనక్రియలను నడుపు మాంసకృత్తులను ఎంజైములందురు. గొలుసువంటి ఎంజైము మడతలుపడి తనలో ఒక గూటిని ఏర్పరచుకొనును. ఆ గూటికి తగిన పదార్థమే అందులో ఇముడును. అయినను పెక్కు ఎంజైములు ఒంటరిగా పనిచేయజాలవు. పట్టకారు లేక కమ్మరి ఎఱ్ఱగా కాలిన ఇనుమును పట్టలేనట్లే, వానికిని సహకారకమను చిన్న అణువు తోడుండవలెను. ఫోలిక్ ఆమ్లము దేహములో అట్టి సహకారకముగా మారి, క్రొత్త రక్తకణముల నిర్మాణమునకు తోడ్పడును.

సుబ్బారావుగారి పరిశోధనాధ్యక్షతన డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ తెగ సూక్ష్మజీవినుండి తీసిన ఆరియోమైసిన్ 1948లో లోకమునకు వెల్లడియయ్యెను. టెట్రాసైక్లిన్ మందులలో ఇది మొదటిది. ఆ జీవి దీనిని ఎట్లు తయారుచేయునో అప్పుడెవరికిని తెలియదు. అనేక ఎంజైములు వరుసగా పనిచేయునని తరువాత తేలినది. వానిలో నొకటి మందు అణువునకు క్లోరిన్‌ను చేర్చును. దానికి కావలసిన సహకారకము ఎఫ్.ఏ.డి. దీనిని జీవి బి2 విటమిను, ఏ.టి.పి.లనుండి నిర్మించుకొనును. చివరి మెట్టున మరియొక సహకారకము అవసరము. అది లోపించిన సూక్ష్మజీవిలో మందు ఒక మెట్టు ముందే నిలిచిపోవును. కండరములో సుబ్బారావుగారు కనుగొన్న ఏ.టి.పి.యే, ఆయన ప్రయోగశాలనుండి వెలువడిన మందు పుట్టుకకును మూలములలో నొకటి. ఈ సంబంధము ఆయన ఎరుగరు. స్వదేశమునకు మరలిరాకయే, 1948 ఆగస్టులో 53వ యేట న్యూయార్కున కన్నుమూసిరి.

బాలబాలికలారా! మన బెళ్ళందూరులో తొలకరి చినుకులకు లేచు కమ్మని మట్టివాసన చాలవరకు స్ట్రెప్టోమైసిస్ వంటి సూక్ష్మజీవుల వలన కలుగునదే. కాలిక్రింది మట్టిని చులకన చేయరాదు. పరీక్ష తప్పిన బిడ్డను ఇక చదువురాదని తలచు తల్లిదండ్రులును, రెండుసార్లు తప్పిన ఈ భీమవరపు బాలుని ఒక్కసారి స్మరింతురుగాక.