తొలితరము మహిళా ఇంజనీరు – శ్రీమతి ఎ. లలిత

ఆడుబిడ్డకు చదువేల యను మాట మన యిండ్లలో నేడు వినబడదు. కాని ఆ బిడ్డ యంత్రవిద్య నభ్యసింతునన్నచో తల్లిదండ్రులు నేటికిని కొంత తటపటాయింతురు. అట్టివారు శ్రీమతి అయ్యలసోమయాజుల లలితగారి జీవితమును తెలిసికొనుట మేలు.

లలితగారు 1919 ఆగస్టు 27వ తేదీన మదరాసులో ఒక తెలుగు కుటుంబమున జన్మించిరి. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుత్ శాఖాచార్యులు. కుమారులు ఇంజనీర్లయిన ఆ యింటను కుమార్తెలకు చిన్నతనముననే పెండ్లి. లలితగారికి 15వ యేట వివాహమైనది. 1937లో కుమార్తె కలిగినది. బిడ్డకు నాలుగు నెలలు నిండునప్పటికి భర్త మరణించిరి. అప్పటికి ఆమె వయస్సు 18 ఏండ్లు.

ఆ కాలమున వితంతువునకు ఇంటి మూలగదియే లోకము. లలితగారు మాత్రము చదువుకొని తన కాళ్లపై తాను నిలువ నిశ్చయించిరి. క్వీన్ మేరీస్ కళాశాలలో ఇంటర్మీడియెట్ ప్రథమశ్రేణిలో ముగించిరి. వైద్యవిద్య స్త్రీలకు అప్పటికే లభ్యమై యుండెను. కాని వేళకానివేళ బిడ్డను విడిచి పోవలసిన వృత్తి ఆమెకు సమ్మతము కాలేదు. అంతట తండ్రి తమ ప్రిన్సిపాలు చాకోగారితో మాటలాడి, విద్యాశాఖ డైరెక్టరు స్టాథాంగారి అనుమతి పొంది, ఆమెను గిండీలోనే విద్యుత్ శాఖలో చేర్పించిరి.

అంతమంది బాలుర నడుమ ఆమె ఒక్కరే. ఎవ్వరును అగౌరవముగా చూడలేదు. అయినను హాస్టలులో ఒంటరితనము బాధించెను. సుబ్బారావుగారు కళాశాలలో స్త్రీలకును ప్రవేశము కలదని ప్రకటింపజేసిరి. లీలమ్మ జార్జి, పి. కె. త్రేసియాగార్లు సివిల్ శాఖలో చేరిరి. 1943లో మువ్వురును చదువు ముగించిరి. వారి పట్టాలలో ముందే ముద్రించియున్న పురుషవాచకమును కొట్టివేసి స్త్రీవాచకమును వ్రాయవలసివచ్చెను.

జమాల్పూరు రైల్వే కర్మాగారమున ఒక యేడు శిక్షణ పొంది, 1944లో సిమ్లాలోని కేంద్ర ప్రమాణముల సంస్థలో ఇంజనీరింగు అసిస్టెంటుగా చేరిరి. కొంతకాలము ఆమెయు మనవలె కేంద్ర ప్రభుత్వోద్యోగియే. పిదప తండ్రి పరిశోధనలకు తోడ్పడి, 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో ప్రవేశించిరి. విద్యుత్ ప్రసార మార్గములు, సబ్‌స్టేషన్ల నమూనాలు, రక్షణ సాధనములు ఆమె చేతిమీదుగా రూపొందినవి. భాక్రా నంగల్ జనరేటర్ల పనిలోను ఆమె పాలున్నది. పునర్వివాహము చేసికొనక, తోబుట్టువుల అండతో కుమార్తెను పెంచి విద్యావంతురాలిని గావించిరి.

1964లో న్యూయార్కున జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల ప్రథమ అంతర్జాతీయ మహాసభకు వెళ్లిరి. 1967లో కేంబ్రిడ్జిలో జరిగిన ద్వితీయ సభకు మన దేశపు స్త్రీలను పంపుటకై శ్రమించిరి. 1979లో అరువది యేండ్ల వయస్సున కన్నుమూసిరి.

తండ్రి అడిగినందున ఆ కళాశాల తలుపు ఆమెకు తెరచుకొనెను. తోడు కొరకు చేసిన ప్రకటన మరి యిద్దరికి దారి చూపెను. మన యింటి బాలిక పాడైన గడియారమును విప్పి చూచుచున్ననాడు మందలింపక ప్రక్కన కూర్చుందము. వీలైనచో పొరుగింటి బాలికనుకూడ పిలుతము. ఒంటరిగా నడువవలసిన బాధ లలితగారికి తెలిసినదే; మన బిడ్డలకు అది తప్పవలెను.