బొప్పాయికి టీకా వేసిన ఖైదీ – లూయీజ్ మిషెల్

ద్వీపాంతర శిక్ష అనగానే మనకు అండమాన్ గుర్తుకొస్తుంది. 1857 జూలై 17న హైదరాబాదులో బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడికి దిగినవారి నాయకుల్లో ఒకరైన మౌల్వీ అల్లావుద్దీన్‌ను అక్కడికే పంపారు. ఆయన మళ్ళీ తిరిగి రాలేదు. ఆ రెసిడెన్సీ భవనంలోనే తరువాత కోఠీ మహిళా కళాశాల నడిచింది. ఆ మెట్లెక్కి పాఠాలకు వెళ్ళిన అక్కచెల్లెళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో!

అయితే పందొమ్మిదో శతాబ్దంలో ఈ పని ఇంగ్లీషువాడు ఒక్కడే చెయ్యలేదు. రష్యా జారు తనకు గిట్టనివాళ్ళను సైబీరియాకు తోలాడు. ఫ్రాన్సు ప్రభుత్వం పసిఫిక్ మహాసముద్రంలో, ఆస్ట్రేలియాకు తూర్పున ఉన్న న్యూ కాలెడోనియాకు తోలింది. చంపితే అమరులైపోతారు, దగ్గరి జైల్లో పెడితే జనం గుమికూడతారు, అదే సముద్రం అవతల పారేస్తే నాలుగేళ్ళకు ఎవరికీ గుర్తుండరు – ఇదీ ఏలినవారి లెక్క. లూయీజ్ మిషెల్ విషయంలో ఆ లెక్క తప్పిపోయింది. ఎలా తప్పిందో చెప్పడానికే ఈ నాలుగు పేజీలు.

లూయీజ్ 1830 మే 29న ఫ్రాన్సు తూర్పు ప్రాంతంలో వ్రోంకూర్ అనే చిన్న పల్లెలో పుట్టింది. తల్లి మరియాన్ ఆ ఊరి దివాణంలో పనిమనిషి. తండ్రి ఆ ఇంటి కొడుకే అంటారు; పెళ్ళి మాత్రం లేదు. చిత్రమేమిటంటే ఆ ఇంటి పెద్దలు బిడ్డను గెంటెయ్యలేదు. సొంత మనవరాలిలా పెంచి, వోల్టేర్, రూసో పుస్తకాలు చదివించారు. వాళ్ళు పోయాక ఇల్లు అమ్ముడుపోయింది. తల్లీకూతుళ్ళు బయటికొచ్చారు.

లూయీజ్ పంతులమ్మ అయింది. అప్పుడు మూడో నెపోలియన్ గద్దెమీద ఉన్నాడు. సర్కారు బడిలో ఉద్యోగం కావాలంటే చక్రవర్తికి విధేయంగా ఉంటానని ప్రమాణం చెయ్యాలి. ఆమె చెయ్యనంది. సొంతంగా బడి పెట్టుకుంది. 1856లో పారిస్ చేరి అక్కడా అదే పని. పగలంతా పిల్లలకు చెప్పి, రాత్రిళ్ళు ఉచిత తరగతులకు వెళ్ళి భౌతిక, రసాయన శాస్త్రాలు నేర్చుకునేది. ఆడవాళ్ళకు కాలేజీ తలుపులు మూసి ఉన్న రోజులవి. ఆమె జీవితచరిత్రలు రాసినవారిలో చాలామంది ఈ రాత్రి తరగతుల్ని ఒక వాక్యంతో దాటేస్తారు. సైన్సు విద్యార్థిని గనక నేను దాటెయ్యలేను. ముందు ముందు దీనితో పని ఉంది.

పారిస్ కమ్యూన్ కథ మన పాఠకులకు కొత్త కాదు. 1870లో ప్రష్యాతో యుద్ధంలో చక్రవర్తి పట్టుబడ్డాడు. పారిస్‌ను శత్రువు చుట్టుముట్టాడు. జనం ఎలుకల్ని తిని బతికారు. 1871 మార్చి 18 తెల్లవారుజామున మోన్‌మార్త్ గుట్టమీది ఫిరంగుల్ని స్వాధీనం చేసుకోడానికి ప్రభుత్వం సైన్యాన్ని పంపితే, ఆడవాళ్ళు అడ్డం పడ్డారు. సిపాయిలు కాల్చలేదు. ప్రభుత్వం వెర్సాయికి పారిపోయింది. రెండు నెలల పైచిలుకు పారిస్ శ్రామికుల చేతిలో ఉంది. మతాన్ని ప్రభుత్వం నుంచి విడగొట్టారు, రొట్టెల బట్టీల్లో రాత్రి పని రద్దు చేశారు. లూయీజ్ ఒకచోట గాయపడ్డవాళ్ళకు కట్లు కట్టింది, ఇంకోచోట తుపాకి పట్టి పోరాడింది. మే 21 నుంచి 28 దాకా సైన్యం నగరంలో వేలాదిమందిని కాల్చి చంపింది. లూయీజ్ దొరకలేదని తల్లిని పట్టుకుపోయారు. ఆ కబురు తెలిసి తనే వెళ్ళి లొంగిపోయి తల్లిని విడిపించుకుంది.

1871 డిసెంబరు 16న వెర్సాయి సైనిక న్యాయస్థానంలో విచారణ. వకీలు వద్దంది. నేరం కాదనలేదు. సహచరులకు వేసిన మరణశిక్షే తనకూ వెయ్యమని అడిగింది. న్యాయమూర్తులు ఆ గౌరవం ఆమెకు దక్కనివ్వలేదు. కోట సరిహద్దుల్లో నిర్బంధంతో ద్వీపాంతరవాసం అన్నారు. ఇరవై నెలలు ఒబెరీవ్ జైల్లో ఉంచి, 1873 ఆగస్టులో వర్జినీ అనే తెరచాప ఓడ ఎక్కించారు.

నాలుగు నెలల ప్రయాణం. ఖైదీల్ని ఇనుప బోనుల్లో పెట్టారు. లూయీజ్ చలిబట్టలూ జోళ్ళూ పక్కవాళ్ళకిచ్చేసి వట్టికాళ్ళతో తిరిగేదని తోటి ఖైదీలు రాశారు. ఆ ఓడలోనే నతాలీ లెమెల్ అనే కార్మిక నాయకురాలితో రోజుల తరబడి వాదించి, ఏ అధికారమైనా చివరికి మనిషిని చెడగొట్టేదేనన్న నిర్ణయానికి వచ్చింది. ఆమె అరాచకవాది కావడం అక్కడే, సముద్రం మధ్యలో జరిగింది. డిసెంబరులో నూమెయా రేవు చేరారు.

ఆ ద్వీపాన్ని 1853లో ఫ్రాన్సు తనదని ప్రకటించుకుంది. 1864 నుంచి ఖైదీల్ని దింపడం మొదలెట్టింది. కమ్యూన్ వాళ్ళు నాలుగు వేల పైచిలుకు మంది అక్కడికి చేరారు. లూయీజ్‌ను డ్యూకోస్ అనే చోట ఉంచారు. అది సముద్రంలోకి చొచ్చుకుపోయిన ఇసుక, రాతి నేల. ఆడవాళ్ళను వేరే చోటికి మారుస్తామని అధికారులు అంటే ఆమె ఒప్పుకోలేదు. శిక్ష ఒకటే అయినప్పుడు మగవాళ్ళకొక చోటు, మాకొక చోటు ఏమిటని పట్టుబట్టి నెగ్గింది.

చాలామంది అక్కడ దిగులుతో కుంగిపోయారు. సారాకు అలవాటు పడ్డారు. ఇంటి బెంగతో చచ్చిపోయినవాళ్ళూ ఉన్నారు. లూయీజ్ మొక్కల్ని చూడ్డం మొదలెట్టింది. ఆకులూ పురుగులూ పోగుచేసింది, బొమ్మలు గీసింది. బొప్పాయి చెట్లకు ఆకులు పసుపెక్కే ఒక తెగులు వస్తోంది. మనుషులకు మశూచి టీకా వేసినట్టు చెట్టుకు ఎందుకు వెయ్యకూడదని ఆమెకు తోచింది. జబ్బు చెట్టు పసరు తీసి, మంచి చెట్టు బెరడుకు గాటు పెట్టి ఎక్కించింది. ఆ చెట్లు ముందు పసుపెక్కి, తరువాత కోలుకున్నాయని తన జ్ఞాపకాల్లో రాసుకుంది. తోటి ఖైదీలు నవ్వారట.

మన లేబరేటరీ కొలతతో కొలిస్తే ఈ ప్రయోగానికి మార్కులు పడవు. నాలుగైదు చెట్లు ఏమూలకు? టీకా వెయ్యని చెట్లతో పక్కపక్కనే పెట్టి పోల్చాలి, పదే పదే చెయ్యాలి. పైగా మొక్కకు మన రక్తంలోలాంటి రక్షణ కణాలు లేవు. కాని కాలం చూడండి. పాశ్చర్ కోళ్ళ కలరాకు టీకా కనిపెట్టింది 1879–80ల్లో. వైరస్ అనేది ఒకటుందనే సంగతి శాస్త్రజ్ఞులకు తెలియడానికి ఇంకా ఇరవై ఏళ్ళు పట్టింది. 1929లో అమెరికాలో మెకిన్నీ అనే శాస్త్రజ్ఞుడు పొగాకు మొక్కలో బలహీనమైన వైరస్ ముందుగా చేరితే బలమైనది అంత తేలిగ్గా రాదని చూపించాడు. 1980ల్లో తైవాన్, హవాయిల్లో సరిగ్గా బొప్పాయికే, వలయపు మచ్చల తెగులుకు, ఈ పద్ధతి ప్రయత్నించారు. మా వైపు బొప్పాయి తోటల్ని ముంచుతున్నదీ ఆ తెగులే. మందు కొట్టినా లాభం లేదని చెట్లు కొట్టేసి తగలబెట్టిన రైతులు నాకు తెలుసు. బోనులో వచ్చిన ఖైదీకి, పుస్తకం లేదు, పనిముట్టు లేదు, అడగడానికి గురువు లేడు – ఆ ప్రశ్న తట్టిందంటే మామూలు విషయమా!

ఇంతకన్నా పెద్ద పరీక్ష 1878లో వచ్చింది.

ఆ నేల అసలు యజమానులు కనక్ ప్రజలు. వాళ్ళు వేటగాళ్ళు కారు, సేద్యగాళ్ళు. కొండవాలులో మెట్లు మెట్లుగా మడులు కట్టి, కాలువ తీసి, నీళ్ళు పారించి చేమ పండించేవారు. పెండలం దుంప వాళ్ళకు తిండి మాత్రమే కాదు, పెళ్ళికీ చావుకీ ఇచ్చిపుచ్చుకునే మర్యాద. ఫ్రెంచివాళ్ళు వచ్చి మంచి నేలంతా లాక్కుని పశువుల్ని వదిలారు. వేల పశువులు కంచె లేకుండా తిరిగి మడుల్ని తొక్కి, దుంపల్ని తవ్వి తినిపోయేవి. మన వైపు ధాత కరువని పెద్దలు చెప్పుకునే ఆ రోజుల్లోనే అక్కడా వానల్లేవు; పశువులు ఇంకా మీద పడ్డాయి. చేలో గొడ్డు పడితే మన ఊళ్ళో బందెలదొడ్డికి తోలేవారు, గొడ్డు యజమాని డబ్బు కట్టి విడిపించుకోవాలి. అక్కడ చట్టం తిరగబడింది. గొడ్డు దొరది, చేను కనక్‌ది. కంచె కట్టుకోవాల్సింది కనకే. ఇది ఎంత అన్యాయమో వ్యవసాయం తెలిసినవాళ్ళకు వివరించి చెప్పక్కర్లేదు.

1878 జూన్‌లో అటాయి అనే పెద్ద నాయకత్వాన తిరుగుబాటు లేచింది. వలస వచ్చినవాళ్ళు రెండు వందల మంది దాకా చనిపోయారు. సైన్యం ఊళ్ళు తగలబెట్టి, చేమ మడుల్ని ధ్వంసం చేసింది. కనక్‌లు ఎన్నో రెట్లు ఎక్కువమంది చచ్చారు.

మరి కమ్యూన్ వీరులు ఏం చేశారు? పారిస్ వీధుల్లో స్వేచ్ఛ కోసం ప్రాణాలకు తెగించినవాళ్ళు కదా! వాళ్ళలో పలువురు ఫ్రెంచి సైన్యం వైపే నిలిచారు. కొందరు తుపాకులు పట్టి కనక్‌ల వేటకు వెళ్ళారు. అల్జీరియాలో ఫ్రాన్సు మీద తిరగబడి అదే ద్వీపానికి వచ్చిన అరబ్బు, కబైలీ ఖైదీల్లోనూ కొందరు, విడుదల ఆశతో కావచ్చు, అదే పని చేశారు. దీన్ని దాచిపెట్టి కమ్యూన్‌ను పొగడడం నాకు సబబనిపించదు.

లూయీజ్ కనక్‌ల పక్షం నిలిచింది. ఖైదీల్లో అలా నిలిచినవాళ్ళు అతి తక్కువ. ఆమెకు ఇది ఆవేశంలో తోచింది కాదు. అంతకు ముందే దౌమి అనే కనక్ దగ్గర వాళ్ళ మాటలు నేర్చుకుంది, వాళ్ళ కథలు విని రాసింది, 1875లో అక్కడి పత్రికలో కొన్ని అచ్చువేయించింది. భాష నేర్చినవాడికి ఎదుటివాడు అడవిమనిషిలా కనిపించడు కాబోలు. పోరాటానికి వెళ్తూ ఇద్దరు కనక్‌లు రాత్రిపూట చూడవస్తే, సోదాలన్నిటినీ తప్పించి ఏళ్ళ తరబడి దాచుకున్న కమ్యూన్ నాటి ఎర్ర కండువాను చింపి వాళ్ళకు చెరిసగం ఇచ్చింది.

సెప్టెంబరు 1న అటాయిని చంపారు. తల నరికి సీసాలో సారాయిలో పెట్టి పారిస్ పంపారు, అక్కడి మానవశాస్త్ర పరిషత్తు వాళ్ళు కొలతలు తీసుకున్నారు. అదీ సైన్సు పేరుతోనే! ఆ తల 2014లో గానీ అతని వారసుల చేతికి రాలేదు.

1879లో లూయీజ్‌ను నూమెయాలో ఉండనిచ్చారు. పగలు పిల్లలకు, ఆదివారాలు కనక్ పెద్దవాళ్ళకు పాఠాలు చెప్పింది. తన ఒక్కదానికీ క్షమాభిక్ష ఇస్తామంటే వద్దంది. 1880 జూలైలో కమ్యూన్ ఖైదీలందరికీ విడుదల వచ్చాకే కదిలింది. నవంబరు 9న పారిస్ స్టేషన్లో ఆమెను చూడడానికి వేలమంది విరగబడ్డారు. మరిచిపోతారనుకున్నారు కదా!

ఆ తరువాతి పాతికేళ్ళూ సభలూ జైళ్ళే. 1883లో పనిలేనివాళ్ళ ఊరేగింపు ముందు నల్లజెండా పట్టి నడిచినందుకు ఆరేళ్ళ శిక్ష పడింది. మూడేళ్ళు గడవకుండా 1886లో వదిలారు. ఆ మధ్యలోనే తల్లి పోయింది. 1888 జనవరిలో లె ఆవ్ర్ పట్టణంలో ఒకడు సభలోనే ఆమెను పిస్తోలుతో కాల్చాడు. గుండు తలలోనే ఉండిపోయింది. ఆమె ఫిర్యాదివ్వలేదు సరికదా, కోర్టులో అతని తరపునే మాట్లాడింది. అతణ్ణి వదిలేశారు. లండన్‌లో కొన్నాళ్ళుండి, ప్రవాసుల పిల్లల కోసం అక్కడా ఒక బడి పెట్టింది.

1880 విడుదల ఆ ద్వీపంలోని అల్జీరియా ఖైదీలకు వర్తించలేదు. వాళ్ళు 1895 దాకా ఎదురుచూడాల్సి వచ్చింది. లూయీజ్ వాళ్ళను మరవలేదు. 1904 చివర్లో, డెబ్బయి నాలుగేళ్ళ వయసులో, జబ్బు నుంచి లేచి అల్జీరియా వెళ్ళి ఊరూరా సభల్లో మాట్లాడింది. అక్కణ్ణించి వచ్చాక 1905 జనవరి 9న మార్సెయ్‌లో ఒక హోటలు గదిలో కన్నుమూసింది. పారిస్ పక్కన లెవలువాలో తల్లి సమాధి దగ్గరే ఆమెనూ పూడ్చారు.