మత్తుమందు హకీం డాక్టర్ రూపాబాయి

మహబూబ్‌నగర్‌కు ఆ పేరు ఎవరి మీద వచ్చిందో మన పిల్లలు చాలామంది చెప్పగలరు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు మీద 1890లో పెట్టారు. అయితే అదే ప్రభువు ఏలుబడిలో హైద్రాబాదులో ఒక ఆడబిడ్డ వైద్యం నేర్చి, మత్తుమందు ఇవ్వటంలో ప్రపంచంలోనే తొలి మహిళా వైద్యుల్లో ఒకరుగా పేరు పొందిన సంగతి ఎంతమందికి తెలుసు? ఆమె డాక్టర్ రూపాబాయి ఫర్దూన్జీ గారు.

రూపాబాయి గారు పార్సీ కుటుంబపు బిడ్డ. ఆమె చదివిన హైద్రాబాద్ మెడికల్ స్కూలు 1846లో, నాల్గవ నిజాం నాసిరుద్దౌలా కాలంలో వెలసింది. మొదట్లో పాఠాలన్నీ ఉర్దూలోనే. చదువు ముగించిన వారికి హకీం పట్టా ఇచ్చేవారు. 1885లో రెసిడెన్సీ సర్జన్ డాక్టర్ ఎడ్వర్డ్ లారీ గారి హయాంలో అక్కడ అయిదుగురు స్త్రీలు చేరారు. వారిలో రూపాబాయి గారు ఒకరు.

ఆ రోజులు ఎట్లాంటివో మన ఇళ్లలోని పెద్దలను అడిగితే చెబుతారు. పర్దా ఉన్న ఇళ్లలో స్త్రీలు మగ డాక్టరుకు నాడి చూపటానికే జంకేవారు. ఇక ఆపరేషన్ మాట చెప్పేదేముంది? అటువంటి కాలంలో ఆడ హకీం ఉండటం ఎన్నో ప్రాణాలకు ఆధారం.

లారీ గారు చదువు చెప్పే తీరు వేరు. పుస్తకం వల్లె వేస్తే సరిపోదని, ఆపరేషన్ బల్ల దగ్గర రోగి తలవైపు విద్యార్థినే నిలబెట్టి క్లోరోఫారం ఇప్పించేవారు. చూపు మొత్తం రోగి శ్వాస మీదనే ఉండాలి. శ్వాస తేడా వస్తే మందు తీసెయ్యాలి. పక్కన గురువు ఉన్నా, ఆ కాసేపూ ఒక ప్రాణం విద్యార్థి చేతిలో ఉన్నట్లే. రూపాబాయి గారి చెయ్యి తిరిగింది ఇట్లాంటి బడిలోనే.

క్లోరోఫారంతో మనుషులు చనిపోయేది శ్వాస ఆగిపోయా, గుండె ఆగిపోయా అని అప్పట్లో దేశదేశాల డాక్టర్లు వాదించుకునేవారు. అది తేల్చటానికి 1888లోనూ, 1889లోనూ హైద్రాబాదులో రెండు కమీషన్లు పనిచేశాయి. రెండవ దానికి నిజాం ప్రభువు 1000 పౌన్లు ఇచ్చారు. లండన్ నుండి డాక్టర్ లాడర్ బ్రంటన్ వచ్చారు. ఆ 1889లోనే రూపాబాయి గారు హకీం పట్టా పుచ్చుకున్నారు. తర్వాత ఏళ్ల తరబడి హైద్రాబాదు దవాఖానాలలో మత్తుమందు ఇస్తూ వచ్చారు.

ఇరవై ఏళ్ల అనుభవం వచ్చాక ఇక నేర్చేదేముందని మనబోటివాళ్లు అనుకుంటాం. ఆమె అట్లా అనుకోలేదు. 1909లో ఎడిన్‌బరో వెళ్లి, మళ్లీ విద్యార్థిగా కూర్చుని భౌతిక, రసాయన శాస్త్రాలు చదివారు. తిరిగి వచ్చి సేవ చేసి, 1920లో చాదర్‌ఘాట్ దవాఖానా సూపరింటెండెంటుగా రిటైరయ్యారు.

ఇక్కడ ఒక నిజం దాచకూడదు. శ్వాసే ముందు ఆగుతుందన్న కమీషన్ల తీర్పు పూర్తిగా నిలవలేదు. క్లోరోఫారం వల్ల గుండె కూడా హఠాత్తుగా ఆగవచ్చునని 1911లో డాక్టర్ లెవీ పరిశోధన చూపింది. నేడు ఆపరేషన్లకు ఆ మందే వాడరు, శ్వాసనూ గుండెనూ రెంటినీ కనిపెట్టి ఉంటారు. కనుక చేతిపని ఒక్కటే చాలదు, పుస్తకం ఒక్కటే చాలదు. రెండూ కావాలి. గురువు చెప్పినదాన్ని కూడా మళ్లీ పరీక్షించుకోవాలి.

ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో 2016 నుండి, నల్లగొండలో 2019 నుండి సర్కారు మెడికల్ కాలేజీలు నడుస్తున్నాయి. మన పిల్లలు డాక్టరు చదువులోనే కాదు, నర్సింగులో, ఫార్మసీలో, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుల్లో చేరుతున్నారు. తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. ఆడబిడ్డను కాలేజీకి పంపి, వార్డు డ్యూటీ అనేసరికి వద్దనకండి. రోగి పక్కన నిలబడని చదువు సగం చదువే. పిల్లలూ, పెద్దల కనుసన్నల్లో పని నేర్చుకోండి, తెలియనిది అడగటానికి సిగ్గుపడకండి.

పార్సీ బిడ్డ చేతి చలవ ఆనాడు అన్ని మతాల వారికీ అందింది. మన బిడ్డల చేతులకూ అల్లాహ్ అటువంటి బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్.