జాన్ న్యూటను

పాపమనునది దేశకాలములనుబట్టి మాఱునదియా, లేక ఎల్లప్పుడును పాపమేయా యను ప్రశ్న మిక్కిలి ప్రాచీనమైనది. ఒక కాలమున గౌరవముగా నెంచబడిన పని మఱియొక కాలమున ఘోరముగా తోచుట చూచి, మంచిచెడ్డలు కేవలము ఆచారములేయని తలంచువారు గలరు. ఈ ప్రశ్నకు తన జీవితముచేతనే జవాబు చెప్పిన యొక పురుషుని చరిత్రమును మేమిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

జాన్ న్యూటను 1725వ సంవత్సరము జూలై 24వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి వర్తకపు ఓడకు నాయకుడు. భక్తురాలగు తల్లి పసితనముననే అతనికి వేదవాక్యములను కీర్తనలను నేర్పెను గాని, అతనికి ఏడేండ్లు నిండకమునుపే క్షయరోగముచే మరణించెను. అతడు పదునొకండవ యేట తండ్రితో ఓడ నెక్కెను. 1744లో నావికాదళమువారు అతనిని బలవంతముగా పట్టి యుద్ధనౌకలో చేర్చుకొనిరి. పాఱిపోజూచి పట్టుబడి కొరడాదెబ్బలు తినెను. తరువాత పశ్చిమ ఆఫ్రికా తీరమున ఒక బానిసవర్తకునియొద్ద పనికి కుదిరి, ఆకలిచేతను జ్వరముచేతను తానే దాసునివలె బాధపడెను. 1748 మార్చిలో స్వదేశమునకు మరలుచుండగా అట్లాంటిక్ మహాసముద్రమున గొప్ప తుపాను చెలరేగెను. ప్రాణాశ వదలి దేవునికి మొఱ్ఱపెట్టెను. ఆ దినము మొదలు దైవదూషణ మాని బైబిలు చదువసాగెను.

చదువరులు ఆశ్చర్యపడవలసిన సంగతి యిచ్చటనే యున్నది. దేవునితట్టు తిరిగిన పిమ్మటనే అతడు బానిసల ఓడకు నాయకుడయ్యెను! 1750 మొదలు 1754 వరకు మూడు మారులు ఆఫ్రికాకు పోయి, పురుషులను స్త్రీలను పిల్లలను కొని, ఓడ అడుగున క్రిక్కిరియ నింపి, సముద్రము దాటించి, వెస్టిండీసు దీవులలో అమ్మెను. ఆదివారమున పైన నావికులను సమకూర్చి ఆరాధన జరిపించుచుండెను. క్రింద మనుష్యులు సంకెళ్లతో మూలుగుచుండిరి. ఒకమారు తిరుగుబాటు జరుగునను అనుమానముచే కొందఱు బాలుర బొటనవ్రేళ్లను ఇనుపమరలలో బిగించి నిజము చెప్పించెను. ఈ సంగతి అతడు వ్రాసికొనిన దినచర్యయందే కలదు. అయినను అతని మనస్సాక్షి నొవ్వలేదు. ఏలయన రాజ్యశాసనమును, పెద్దమనుష్యులును ఆ వర్తకమును యోగ్యమైన వృత్తిగానే యెంచిరి. 1754లో అతడు ఓడను విడుచుటకు కారణము జబ్బే.

1764లో ఆయన ఇంగ్లండు సంఘమున అభిషేకము పొంది ఓల్నీ పట్టణమున గురువయ్యెను. అమేజింగ్ గ్రేస్ అను ప్రసిద్ధ కీర్తన 1773 నూతన సంవత్సరారాధనకొఱకు ఆయన రచించినదే. 1780లో లండను దేవాలయమునకు మార్చబడెను. 1785లో విల్బర్‌ఫోర్సు అను యువకుడగు పార్లమెంటు సభ్యుడు ఆలోచన నడుగవచ్చినప్పుడు, ఆ పదవి విడువక అందుండియే దేవుని సేవింపుమని ప్రోత్సహించెను. 1788లో, ఓడ విడిచిన ముప్పది యేండ్లకు పైగా గడచిన పిమ్మట, బానిసవర్తకమును ఖండించుచు చిన్న గ్రంథమొకటి ప్రకటించి, తన చేతులు చేసినదానిని దాచక ఒప్పుకొనెను. 1790లో పార్లమెంటు ఉపసంఘమునెదుట సాక్ష్యమిచ్చెను. 1807 మార్చిలో ఆ వర్తకము శాసనముచే నిషేధింపబడెను. ఆ సంవత్సరమే డిసెంబరు 21వ తేదీన ఆయన ప్రభువునందు నిద్రించెను.

ఇక మన ప్రశ్నకు వత్తము. 1750లో ధర్మమైయుండిన పని 1788లో అధర్మమాయెనా? పాపము కాలమునుబట్టియే యైనయెడల, న్యూటనుగారు సిగ్గుపడనక్కఱలేదు; అభిప్రాయము మార్చుకొంటినని చెప్పిన చాలును. ఆయన అట్లు చెప్పలేదు. ఓడ అడుగున బిడ్డతోకూడ బంధింపబడిన తల్లికి అది చెడ్డ పనియని తెలియుటకు పార్లమెంటు శాసనము కావలసియుండెనా? ఆమెకు మొదటి దినముననే తెలియును. లాభమును వాడుకయు కప్పినవి ఓడనాయకుని కన్నులను మాత్రమే. ఆ కాలమున ఎవరికిని తెలియదనుటయు సరికాదు. 1754లోనే అమెరికాలో జాన్ ఊల్మను అను క్వేకరు, బానిసల నుంచుకొనుట తగదని పుస్తకము ప్రకటించెను. చేసినవాని యెఱుకనుబట్టి నేరముయొక్క బరువు హెచ్చుతగ్గులు కావచ్చును. చెడుగు మాత్రము అప్పుడును చెడుగే, ఇప్పుడును చెడుగే.

విద్యార్థులారా, లోకమంతయు చేయుచున్నదిగదా యను మాట మీ మనస్సునకు ఊఱట కలిగించినప్పుడెల్ల, ఆ పనివలన దెబ్బతినువానిని అడిగి చూడుడు. ఆ జవాబు వినుటకు న్యూటనుగారికి ముప్పది యేండ్లు పట్టెను. మీకు అంతకాలము పట్టకుండునుగాక.