వర్తకధర్మవీరుడు రిచర్డు కాబ్డెను

పురుషార్థములు నాలుగింటిలో అర్థమునకు రెండవ స్థానము నొసగిన మన పెద్దలు దానికి ముందు ధర్మమును నిలుపుట నిరర్థకము కాదు. ధర్మము ననుసరించిన యర్థము లోకమును భరించును. ధర్మమును వీడిన యర్థము మొదట పొరుగువానిని, పిదప సంపాదించినవానిని చెరచును. ఈ సత్యమును గ్రంథములలో చదివినవారు పెక్కురు గలరు. అంగడిలో గూర్చుండి, కొలబద్ద చేతబట్టి, తన నడవడిచే దానిని నిరూపించిన వర్తకు లరుదు. అట్టివారిలో నొకడు ఆంగ్లదేశీయుడగు రిచర్డు కాబ్డెను. వాణిజ్యము కులవృత్తిగా గల మన మహాసభ సంచికలో ఈతని చరిత్రమునకు స్థాన ముండుట సముచితమని తలచి, సంగ్రహముగా వ్రాయుచున్నాను.

కాబ్డెను 1804వ సంవత్సరము జూను 3వ తేదీన ఇంగ్లండు దక్షిణభాగమున, ససెక్సు మండలములో, మిడ్‌హర్స్టు పట్టణ సమీపమున డన్‌ఫర్డు అను కమతమునందలి యింట జన్మించెను. తల్లిదండ్రులకు సంతానము పదునొకండుగురు. తండ్రి సాధువు, వ్యవహారచతురుడు మాత్రము కాడు. కొలదికాలమునకే ఆ భూమి చేజారిపోయెను. బాలుని యార్కుషైరులోని యొక దూరపు పాఠశాలకు బంపిరి. అచట ఐదేండ్లపాటు చాలీచాలని తిండితో, తల్లిదండ్రుల ముఖము చూడక గడపిన దినములను గూర్చి ముచ్చటించుట పెద్దవాడైన పిదప గూడ ఆతనికి దుస్సహముగా నుండెడిది. పదునైదవయేట లండనులో పినతండ్రి కొట్టున గుమాస్తాగా జేరెను. గుమాస్తా పుస్తకములు చదువుట ఆ యజమానునకు నచ్చలేదు. అయినను బాలుడు తెల్లవారకముందే లేచి చదువుకొనెను. పిదప వస్త్రముల మచ్చులు చేతబట్టి ఊరూర దిరుగు వర్తకప్రతినిధి యయ్యెను.

1828లో ఇరువురు మిత్రులతో గూడి సొంతవ్యాపారము ప్రారంభించెను. మూలధనములో నధికభాగ మప్పు. నిష్కపటమైన మాటతీరే వారి పూచీ. దానిని నమ్మి మాంచెస్టరు అద్దకపు వర్తకులు సరకు నిచ్చిరి. 1831లో లాంకషైరునందలి సాబ్డెను గ్రామమున సొంతముగా అద్దకపు కర్మాగారము నెలకొల్పిరి. ఆ గ్రామమున బిడ్డలకు చదువు లేకుండుట జూచి, బట్టలకు రంగువేయుటతోబాటు బడిని నడపించుటకును కాబ్డెను పూనుకొనెను. అమెరికా, తురకదేశము, ఐగుప్తము, జర్మనీ మున్నగు దేశములు చూచి వచ్చెను. 1835, 1836 సంవత్సరములలో తన పేరు వేయక, మాంచెస్టరు వస్త్రకారు డొకడను గుర్తుతో రెండు చిన్న గ్రంథములు ప్రకటించెను. సైన్యములు, నౌకలు, రాజ్యముల తులాసామ్యమను మాటలు ప్రజల ధనమును హరించుచున్నవనియు, మితవ్యయము గల అమెరికాయే రేపు ఇంగ్లండునకు నిజమైన పోటీదారగుననియు వాని సారాంశము.

ఆ కాలమున ఇంగ్లండు బీదలను పీడించుచుండినది ధాన్యశాసనము. నెపోలియనుతోడి యుద్ధములు ముగిసిన 1815లోనే, భూస్వాములతో నిండిన పార్లమెంటు, స్వదేశమున గోధుమల ధర క్వార్టరు అను కొలతకు 80 షిల్లింగులు చేరువరకు పరదేశపు గోధుమలు విక్రయింపరాదని శాసించెను. 1828లో ఆ నిషేధము తీసి, స్వదేశపు ధర తగ్గినకొలది పరదేశపు గోధుమలపై హెచ్చునట్టి సుంకమును విధించిరి. పేరు మారెను గాని భారము తీరలేదు. పల్లెలో కూలివాని వారపుకూలి పది షిల్లింగులకు అటునిటు. అం దధికభాగము రొట్టెకే చెల్లెడిది. ఈ సుంకము దొరతనపు బొక్కసము నింపుటకంటె భూస్వామి శిస్తును హెచ్చించుటకే యక్కరకు వచ్చుచున్నదని కాబ్డెను గ్రహించెను. పరదేశీయుని ధాన్యము మనము కొననిచో మన బట్ట నాతడు దేనితో గొనును? ఈ ప్రశ్న ఆతని వాదమునకు పునాది.

1838లో మాంచెస్టరున పుట్టిన సంఘము మరుసటి యేడు దేశమంతటికిని చెందిన ధాన్యశాసన నిరసన సమాజ మయ్యెను. 1819లో ప్రజలసభపై గుఱ్ఱపురౌతులు కత్తులు దూసిన పీటరు మైదానమున కాబ్డెనుకు కొంత స్థలము గలదు. సమాజపు సభామంటప మా స్థలముననే లేచెను. 1840లో నొక పెన్నీకే ఉత్తరము చేరు తపాలా యేర్పడగా, కరపత్రములు లక్షలకొలది ఇంటింటికి జేరెను. 1841లో స్టాక్‌పోర్టు ప్రజలు కాబ్డెనును పార్లమెంటునకు బంపిరి. ఆ యేటనే ఆతని మిత్రుడు జాన్ బ్రైటు భార్యను గోల్పోయి దుఃఖమున మునిగియుండగా, కాబ్డెను పరామర్శకు వెళ్లెను. ఓదార్చిన పిమ్మట, ఆకలిచే నెన్నియో యిండ్లలో తల్లులును బిడ్డలును మరణించుచున్నారని జ్ఞాపకము చేసి, శోకము కొంత శమించినపుడు తనతో రమ్మని కోరెను. బ్రైటు వెళ్లెను. అది మొద లిరువురును దేశమెల్ల దిరిగిరి.

కాబ్డెను వాగ్మి యని పేరొందినను అలంకారభాషణము చేయువాడు కాడు. ఎదుటివాని లెక్కనే తీసికొని, తప్పెచట నున్నదో వానికే చూపెడివాడు. 1845 మార్చిలో నాతడు ధాన్యశాసనము రైతునకు గూడ మేలు చేయలేదని నిరూపించుచుండ, ప్రధానమంత్రి రాబర్టు పీలు తాను వ్రాసికొన్న కాగితమును నలిపివేసి, ప్రత్యుత్తరము చెప్పు భారమును ప్రక్కవానికి విడిచెనని చెప్పుదురు. ఆ శరత్కాలమున ఐర్లండులో బంగాళాదుంప పంటకు తెగులు సోకి క్షామము తలయెత్తెను. 1846 జూనులో ధాన్యశాసనము రద్దయ్యెను. పీలు తన పక్షము చీలుటచే పదవిని వీడుచు, ఈ కార్యమున కీర్తి తనది కాదనియు కాబ్డెనుదే యనియు సభాముఖమున నొప్పుకొనెను. ప్రత్యర్థిచే నట్టి మాట పలికించుకొనుట విజయములలో నుత్తమము.

ఈ యేడేండ్లలో కాబ్డెను సొంతవ్యాపారము చూచువారు లేక చితికిపోయెను. సమాజము రద్దయిన పిదప ప్రజలు చందాలు వేసి ఆతని ఋణములు తీర్చిరి. మిగిలిన సొమ్ముతో నాతడు తాను బుట్టిన డన్‌ఫర్డును మరల గొనెను.

ద్రవ్యవిషయమున కాబ్డెను మతము స్పష్టము. 1840లో బ్యాంకులను విచారించు పార్లమెంటు సంఘము నెదుట, దేశమున చలామణి యగు నాణెమును నోట్లును ఇంత యుండవలెనని కొందరు పెద్దలు కూర్చుండి నిర్ణయింప జూచుట వ్యర్థప్రయాస మనియు, లోకవ్యాపారమే దానిని నియమించు ననియు సాక్ష్యమిచ్చెను. 1849, 1850 సంవత్సరములలో ఆస్ట్రియా, రష్యా ప్రభువులు లండను బజారున ఋణములు సేకరింప వచ్చినపుడు, ఆ ఋణము హంగరీ ప్రజల నడచిన సైన్యముల ఖర్చున కగు నని ధనికులకు బహిరంగముగా దెలిపెను. వర్తకుడు సొమ్మిచ్చునపుడు వడ్డీని మాత్రమే కాక, ఆ సొమ్ము చేయు పనిని గూడ చూడవలె నని యాతని భావము.

స్వేచ్ఛావాణిజ్యము, రాజ్యముల నడుమ శాంతి, ఈ రెండును ఆతని కొకే సిద్ధాంతపు రెండు ముఖములు. 1849లో రాజ్యముల తగవులను మధ్యస్థులచే దీర్చుకొనవలెనని పార్లమెంటులో ప్రతిపాదించి యోడెను. 1853లో నాతడు ప్రకటించిన చిన్న గ్రంథము మనకు విశేషముగా సంబంధించినది. రంగూనులో నిద్దరు ఆంగ్లనావికులకు బర్మా యధికారి విధించిన జరిమానాలకు గాను భారత ప్రభుత్వ మడిగిన పరిహారము వేయి పౌనులకు లోపు. దానికై పంపబడిన నౌకాధిపతి బర్మా రాజు నౌకను పట్టుకొనుటతో 1852లో యుద్ధము సంభవించి, పెగూ దేశ మాంగ్లేయుల కధీనమయ్యెను. ప్రభుత్వపు సొంత కాగితములనే యాధారముగా గొని కాబ్డెను ఈ యన్యాయమును విప్పిచూపెను. యుద్ధమున కాజ్ఞ యిచ్చినవా రొకరు, ఖర్చు భరించు భారతప్రజలు వేరొకరు అని యెత్తిచూపెను. ఆ రంగూనే తరువాత విశాఖపట్టణ, గోదావరి మండలముల తెలుగువారికి వేలకొలదిగ బ్రతుకుతెరు వయ్యెను. 1930లో నచటి తెలుగు కూలీలపై జరిగిన హత్యలును, 1942లో మనవారు కాలినడకను తిరిగివచ్చుటయు నెరిగినవారికి, కత్తి తెరచిన బజారు చిరకాలము నిలువదని వేరుగ జెప్పనక్కరలేదు.

1854లో క్రిమియా యుద్ధమును కాబ్డెనును బ్రైటును ఎదిరించిరి. దేశమంతయు యుద్ధోన్మత్తమై యుండగా నిన్నటి స్నేహితులే ముఖము చాటుచేసిరి. 1856లో జర్మనీలో చదువుచుండిన పదునైదేండ్ల కుమారుడు జ్వరముచే హఠాత్తుగా మరణించెను. భార్య ఆ దుఃఖమునుండి చిరకాలము కోలుకొనలేదు. ఆ శోకముననే 1857 మార్చిలో, చైనాలోని కాంటను నగరముపై ఫిరంగులు ప్రేల్చుటను ఖండించుచు నాతడు తెచ్చిన తీర్మానము 16 వోట్ల యాధిక్యముచే నెగ్గెను. ప్రధాని పామర్‌స్టను సభను రద్దుచేసి ప్రజల నడిగెను. ఎన్నికలలో కాబ్డెనును బ్రైటును ఇరువు రోడిపోయిరి. చైనా బజారు తెరువబడిన మాంచెస్టరు వస్త్రములకే లాభ మని తెలిసియు, ఆ లాభము వలదన్న వస్త్రవర్తకు డీతడు.

1859లో రాచ్‌డేలు ప్రజలు మరల నెన్నుకొనగా, పామర్‌స్టను మంత్రిపదవి నీయ జూపెను. తాను ఖండించిన విదేశనీతికి మంత్రియై తలయొగ్గుట తగదని కాబ్డెను నిరాకరించెను. అయినను దేశకార్యమున కడ్డు చెప్పలేదు. పారిసు నగరమునకు వెళ్లి, ఫ్రెంచి పండితుడు మిషెల్ షెవాలియే సాయమున మూడవ నెపోలియనును ఒప్పించి, 1860 జనవరి 23వ తేదీన వర్తకసంధిని కుదిర్చెను. ఉభయదేశములును సుంకములు తగ్గించుకొనెను, యుద్ధభయము శమించెను. ప్రభుత్వ మిచ్చిన బిరుదములను తిరస్కరించి, ఉబ్బసముచే కృశించి, 1865 ఏప్రిలు 2వ తేదీన లండనులో దేహము చాలించెను. ససెక్సులో కుమారుని ప్రక్కనే యాతని సమాధి గలదు.

ఇచట మనవా రొక ప్రశ్న వేయుదురు, వేయుటయు న్యాయమే. లాంకషైరు బట్ట వచ్చి మన మగ్గములను మూలబెట్టలేదా? స్వేచ్ఛావాణిజ్య మను పేరుతోనే మన సాలెవారి నోటికూడు పోలేదా? పోయినది, దానిని దాచరాదు. అయితే ఆ స్వేచ్ఛ యెట్టిదో చూడుడు. 1882లో మన దేశమున వస్త్రములపై దిగుమతిసుంకము తీసివేసినవారు మనలను సంప్రదింపలేదు. 1896లో పరదేశపు బట్టపై నూటికి మూడున్నర సుంకము విధించి, దానికి సరిగా మన మిల్లుబట్టపైనను అంతే పన్ను వేసిరి. అది 1926లో గాని పోలేదు. ఇది స్వేచ్ఛావాణిజ్యము కాదు, లాంకషైరుకు జేసిన పక్షపాతము. కాబ్డెను సిద్ధాంత మిరువురు గృహయజమానులకు వర్తించును. తన యింటికి తాను యజమాని కానివానిపై తలుపు బలిమిని తెరచుట స్వేచ్ఛ యనిపించుకొనదు. మన సాలెవాని గతిని కాబ్డెను తగినంతగా దలపలేదనుట సత్యము. దూరమునుండి పరజాతిని పాలించుట ఉభయులకు హాని యని మిత్రులకు వ్రాసినవాడును ఆతడే యనుట అంతే సత్యము.

ఈ ధర్మము మనకు గ్రొత్త కాదు. దేశమునకు మిక్కిలి యుపకరించు సరకును సుంకము లేకయే రానిమ్మని కౌటిల్యుడు చెప్పెను. కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతమున మోటుపల్లి రేవులో నభయశాసనము వేయించి, తుపాను పాలైన ఓడల సరకు నపహరించు పూర్వపురాజుల యాచారమును మాని, నిర్ణీతసుంకము మాత్రమే కొందునని దేశాంతర వర్తకులకు మాట యిచ్చెను.

సోదరులారా! మన మహాసభలలో ఏటేట తీర్మానములు చేయుచున్నాము. వానిలో ప్రతి తీర్మానమును కాబ్డెను త్రాసున దూచి చూతము: ఇది యందరి దారికి నడ్డమైన ముల్లును తీయు మని కోరుచున్నదా, లేక మన మొక్కరికే ప్రత్యేకముగా దారి వేయు మనుచున్నదా? మొదటిదైనచో ధైర్యముగా నడుగుదము. రెండవదైనచో, దాని వెల నెవడో పేదకొనుగోలుదారు చెల్లించునని గుర్తెరిగి విడుతము. అట్టి వివేకమును, ధర్మార్జితమగు నైశ్వర్యమును సర్వేశ్వరుడు మన సంఘమునకును, సంఘపోషకులకును ప్రసాదించుగాక.