బంధువులు లేని తీరంలో ఎల్లాప్రగడ: చదువే అనుమతిపత్రంగా సాగిన జీవితం

సూరత్: తపతీ నది ఒడ్డున ఉన్న ఈ వస్త్ర నగరంలో తెలంగాణ నుంచి మగ్గాల పనికి వచ్చిన కుటుంబాలు తరాలుగా స్థిరపడి ఉన్నాయి. బోదకాలు వ్యాధి దక్షిణ గుజరాత్‌కు కొత్త కాదు. వలస వచ్చిన తెలుగువారికీ ఆ పేరు సుపరిచితమే. ఆ వ్యాధి నిర్మూలనకు ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి పంచే డైఇథైల్ కార్బమజైన్ మాత్ర వెనుక ఒక తెలుగు శాస్త్రవేత్త ఉన్నారు. భీమవరంలో పుట్టి, అమెరికాలో పరిశోధించి, అక్కడే కన్నుమూసిన ఎల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని ప్రయోగశాలే ఈ మందును ప్రపంచానికి అందించింది.

ఆయన ఆవిష్కరణల గురించి పాఠ్యపుస్తకాలు కొంత చెబుతాయి. ఆయన ఆ దేశానికి ఎలా వెళ్లగలిగారు, అక్కడ ఏ హోదాతో జీవించారు అన్న విషయం అంతగా ప్రచారంలో లేదు. అక్కడ ఆయనకు అన్న లేడు, మేనమామ లేడు, పూచీ పడే బంధువు లేడు. ఒక విశ్వవిద్యాలయంలో దొరికిన ప్రవేశమే ఆయనకు దారి చూపింది. ఆ దారి ఆయన శ్రమకు తలుపు తెరిచింది కానీ, ఆ దేశంలో ఒకరిగా కలిసిపోయే హక్కును దాదాపు జీవితమంతా నిరాకరించింది.

సుబ్బారావు 1895 జనవరి 12న, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. బాల్యంలో ఆయనకు చదువు మీద ఆసక్తి తక్కువ. కాశీకి వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి ధనవంతుడు కావాలన్న ఆలోచనతో ఒకసారి ఇల్లు విడిచి బయలుదేరగా, వెనక్కు తీసుకువచ్చి మళ్లీ బడిలో చేర్చారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గానీ గట్టెక్కలేదు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివే రోజుల్లో రామకృష్ణ మిషన్ వైపు మనసు మళ్లి, సన్యసించాలనుకున్నారు. తల్లి అంగీకరించలేదు. సేవామార్గంగా వైద్యం చదవవచ్చునన్న సలహా ఆయనను మద్రాసు వైద్య కళాశాలకు చేర్చింది.

వైద్య విద్యకు అయ్యే ఖర్చును కస్తూరి సూర్యనారాయణమూర్తి భరించారు. 1919లో ఆయన కుమార్తె శేషగిరిని సుబ్బారావు వివాహమాడారు. అవి గాంధీజీ పిలుపు దేశమంతటా మారుమోగుతున్న రోజులు. సుబ్బారావు ఖద్దరు ధరించి శస్త్రచికిత్స తరగతికి హాజరుకావడం ఆంగ్లేయ ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు రుచించలేదు. ఫలితంగా ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు దానికంటే తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించింది. మద్రాసు వైద్య సర్వీసులో చేరే ప్రయత్నం ఫలించక, డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నిర్వహిస్తున్న ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్ర ఉపన్యాసకునిగా చేరారు.

ఈ కాలంలోనే ఇంటి మీద మృత్యువు నీడ పడింది. పేగులను క్షీణింపజేసి, రక్తాన్ని హరించే స్ప్రూ వ్యాధి ఆయన సోదరులిద్దరిని బలిగొన్నది. ఆయనకూ అది సోకగా, ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. ఈ వ్యాధికి మూలమేమిటో, మందు ఏమిటో తెలుసుకోవాలన్న తపన అప్పటి నుంచి ఆయనను వదలలేదు. రాక్‌ఫెల్లర్ సంస్థ సహాయంతో భారత్‌కు వచ్చిన ఒక అమెరికన్ వైద్యుని పరిచయం ఆయన చూపును హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ఉష్ణమండల వ్యాధుల విభాగం వైపు మళ్లించింది.

సముద్రం దాటడమన్నది భారతీయులకు ఒక్కో కాలంలో ఒక్కో పరీక్ష. సూరత్‌లో పుట్టిన నాగర బ్రాహ్మణ విద్యావేత్త మహీపత్‌రామ్ రూప్‌రామ్ 1860లో ఇంగ్లండ్ వెళ్లినప్పుడు అవతలి తీరంలో ఆయనను ఎవరూ ఆపలేదు. ఆపినది ఇవతలి తీరమే. తిరిగి వచ్చాక కులం ఆయనను వెలివేసింది. ఆరు దశాబ్దాల తరువాత సుబ్బారావు బయలుదేరే నాటికి కులం పట్టు కొంత సడలింది, అవతలి తీరంలో చట్టం బిగిసింది. అమెరికా 1917లో చేసిన వలస చట్టం భారత్ సహా ఆసియాలోని విశాల భూభాగాన్ని నిషిద్ధ మండలంగా ప్రకటించింది. అక్కడి కూలీలకు, రైతులకు ప్రవేశం మూసుకుపోయింది. అయితే విద్యార్థులు, ఉపాధ్యాయులు, వైద్యులు, వర్తకులు, మతబోధకులు, యాత్రికులు వంటి కొన్ని వర్గాలకు ఆ చట్టం మినహాయింపునిచ్చింది. సుబ్బారావు విద్యార్థిగా ఆ సందులోంచే లోపలికి వెళ్లారు.

చదువుకు ప్రవేశం దొరికినంత మాత్రాన ఓడ కదలదు. దారి ఖర్చుకు, అక్కడి జీతాలకు డబ్బు కావాలి. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయం చేస్తామని మాట ఇచ్చింది. రంగూన్ వెళ్లి ఐశ్వర్యం గడించిన సత్యలింగ నాయకర్ తన ఆస్తిని విద్యాదానానికి వదిలిపెట్టి వెళ్లారు. పరదేశంలో సంపాదించిన ఒక తెలుగువాని ధనం మరో తెలుగువానిని పరదేశానికి పంపడానికి ఉపకరించింది. మిగిలిన సొమ్మును మామగారు సమకూర్చారు. భార్యను పుట్టింట ఉంచి, సుబ్బారావు ఒంటరిగా బోస్టన్ నగరానికి చేరుకున్నారు.

ఆయన వద్ద ఉన్న ఎల్.ఎం.ఎస్. పట్టాతో అక్కడ వైద్యవృత్తి చేసే వీలు లేదు. పగలు తరగతులకు హాజరై, రాత్రివేళ పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పనికి కుదురుకున్నారు. స్వదేశంలో వైద్య కళాశాల ఉపన్యాసకునిగా ఉన్న వ్యక్తి ఆ పనిని చిన్నతనంగా భావించలేదు. ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పూర్తి చేసి, జీవరసాయన శాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్క్ వద్ద పరిశోధనకు చేరారు.

ఇంతలో చట్టం మరింత కఠినమైంది. భగత్ సింగ్ థింద్ అనే పంజాబీకి సంబంధించిన వ్యాజ్యంలో, భారతీయులు అమెరికా పౌరసత్వానికి అర్హులు కారని అక్కడి సర్వోన్నత న్యాయస్థానం 1923 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. మరుసటి ఏడాది వచ్చిన వలస చట్టం, పౌరసత్వానికి అర్హత లేనివారికి స్థిరనివాసం కోసం వచ్చే హక్కు కూడా ఉండదని శాసించింది. గుర్తింపు పొందిన విద్యాసంస్థలో చదువు కోసమే వచ్చే విద్యార్థికి మాత్రం దారి మిగిలింది. ఆచార్యులు, మతబోధకులు భార్యాబిడ్డలను వెంట తెచ్చుకోవచ్చునన్న ఆ చట్టం, విద్యార్థికి ఆ వెసులుబాటు ఇవ్వలేదు. కుటుంబ బంధం లేకుండా వెళ్లినవానికి అక్కడ కుటుంబాన్ని నిలుపుకొనే మార్గం కూడా ఇరుకైపోయింది. సుబ్బారావు మళ్లీ స్వదేశానికి రాలేదు. శేషగిరి భర్తను మళ్లీ చూడలేదు.

ప్రయోగశాలలో మాత్రం ఆయన పేరు త్వరగానే స్థిరపడింది. రక్తంలోనూ, మూత్రంలోనూ ఉండే భాస్వరాన్ని రంగు ఆధారంగా కొలిచే ఫిస్క్-సుబ్బారావు పద్ధతి 1925లో వెలువడింది. జీవరసాయన ప్రయోగశాలల్లో దశాబ్దాల పాటు అదే ప్రమాణంగా నిలిచింది. ఆ కొలమానం చేతికి రావడంతో కండరాల్లో దాగిన రహస్యం బయటపడింది. 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వారు గుర్తించారు. దాదాపు అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని కనుగొన్నారు. కండరం పనిచేయడానికి శక్తి ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు అప్పటిదాకా ఉన్న సమాధానం ఈ పరిశోధనలతో మారిపోయింది. 1930లో సుబ్బారావు పి.హెచ్‌డి. పట్టా పొందారు.

అయినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఆచార్య పదవి ఇవ్వలేదు. బోధన, పరిశోధన కొనసాగుతున్నా, స్థానం మాత్రం కుదురుగా లేదు. అమెరికాలోని విదేశీయులందరూ ప్రభుత్వం వద్ద పేరు నమోదు చేసుకోవాలని, వేలిముద్రలు ఇవ్వాలని చట్టం వచ్చిన 1940లోనే ఆయన విశ్వవిద్యాలయాన్ని విడిచి, న్యూయార్క్ రాష్ట్రంలోని పెరల్ రివర్‌లో ఉన్న లెడర్లే ప్రయోగశాలలో చేరారు. అక్కడ త్వరలోనే పరిశోధన విభాగానికి సారథ్యం వహించారు.

లెడర్లేలో గడిచిన ఎనిమిదేళ్లు వైద్యచరిత్రలో విశిష్టమైనవి. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి అది మందుగా పనికివచ్చింది. ఆ ఆమ్లానికి వ్యతిరేకంగా పనిచేసే అమినోప్టెరిన్‌ను అదే ప్రయోగశాల తయారు చేయగా, బోస్టన్‌లో వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దానిని రక్త క్యాన్సర్‌తో బాధపడుతున్న పసిపిల్లలకు ఇచ్చి చూశారు. 16 మందిలో 10 మందికి వ్యాధి తాత్కాలికంగా తగ్గుముఖం పట్టిందని 1948లో ఆయన ప్రకటించారు. ఆ కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సర్, కీళ్లవాత చికిత్సల్లో వాడుకలో ఉన్నది. 1947లో వెలుగుచూసిన డైఇథైల్ కార్బమజైన్, బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ కూడా ఆయన సారథ్యంలోని ప్రయోగశాల నుంచే వచ్చాయి.

భారతీయులకు పౌరసత్వ అర్హత కల్పిస్తూ, ఏడాదికి 100 మంది చొప్పున వలసకు అనుమతిస్తూ అమెరికా 1946 జులైలో చట్టం చేసింది. అప్పటికి సుబ్బారావు ఆ దేశంలో రెండు దశాబ్దాలకు పైగా గడిపారు. తలుపు తెరుచుకున్న రెండేళ్లకే, 1948 ఆగస్టులో పెరల్ రివర్‌లోని నివాసంలో నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53 ఏళ్లు. అప్పటికీ ఆయన అమెరికా పౌరుడు కాలేదు. స్వతంత్ర భారతాన్ని కంటితో చూడనూ లేదు.

నిపుణులకు ప్రాధాన్యమిచ్చే విధానం అక్కడ 1952 చట్టంతో మొదలైంది. జాతీయతను బట్టి వాటాలు కేటాయించే పద్ధతిని 1965లో రద్దు చేశారు. అసాధారణ ప్రతిభ ఉన్నవారు బంధువుల పూచీ గానీ, యజమాని సిఫారసు గానీ లేకుండా తమంతట తామే శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకునే అవకాశం 1990 చట్టంతో వచ్చింది. సుబ్బారావు మరణించిన 42 ఏళ్లకు అది సాధ్యమైంది. విశ్వవిద్యాలయ ప్రవేశపత్రం, చదువుకు తగిన ధనం ఉన్నట్లు రుజువు చూపి ఒంటరిగా విమానం ఎక్కే నేటి తెలుగు విద్యార్థి నడిచేది ఆయన నడిచిన బాటనే. అయితే ఆ బాట నేడు ఎంతో వెడల్పైంది.

1953లో ఒక శిలీంధ్రానికి ఆయన పేరిట సుబ్బరోమైసిస్ అని నామకరణం చేశారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ స్మారక బిళ్లను విడుదల చేసింది. ఈ గౌరవాలన్నీ ఆవిష్కరణలకు దక్కినవి. వాటి వెనుక మరో మూల్యం ఉన్నది. ఒక తీరంలో దాదాపు పాతికేళ్లు పరాయివాడిగా మిగిలిన భర్త, మరో తీరంలో ఎదురుచూపులతో మిగిలిన భార్య ఆ మూల్యాన్ని చెల్లించారు. సూరత్ వీధుల్లో బోదకాలు మాత్ర మింగే నేత కార్మికునికి ఆ చరిత్ర తెలియకపోవచ్చు. ఊరు విడిచి, అయినవారు లేని చోట బతుకు నిలుపుకోవడం ఎంతటి భారమో మాత్రం అతనికి ఎవరూ చెప్పనవసరం లేదు.